తొంభై నాలుగు కాదు, నాలుగు

నా పదవీ విరమణ సభలో మాట్లాడిన నలుగురూ ఒకే మాట అన్నారు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఈయన లెక్క ఒక్కటి కూడా తప్పలేదని. నేను మెడలో దండ సర్దుకుంటూ తల దించుకున్నాను. వినయం అనుకున్నట్టున్నారు, చప్పట్లు ఇంకాస్త గట్టిగా కొట్టారు. తప్పిన లెక్క ఒకటుంది. దాన్ని పట్టుకున్న మనిషి ఆ సభలో లేదు. ఆ తప్పు ఎవరి నోట్లోకి పోయిందో వాళ్ళను సభకు ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు ఇలాంటి కొలువుల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. మొన్న ఒకమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి, "అంకుల్, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఎక్సెలే ఇస్తది కదా, మనం మల్ల ఎందుకు లెక్కపెట్టాలె?" అని అడిగింది. అప్పటికి ఏదో పొడిపొడిగా చెప్పి పంపేశాను. అసలు జవాబు ఇది. కాస్త పొడుగ్గా ఉంటుంది. నీతి చెప్పడానికి మాత్రం రాయడం లేదు, ఆ అర్హత నాకు లేదని చివరికి మీకే తెలుస్తుంది.

నేను గణాంక సహాయకుణ్ణి. తాగే నీళ్ళను పరీక్షించే ఒక శాఖలో, జనగామ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అప్పట్లో ఒకే జిల్లా. ఏ మూల బోరు నీళ్ళలో ఏముందో ల్యాబ్ వాళ్ళు కొలిచి కాగితం మీద రాసిస్తే, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, పైవాళ్ళు అడిగిన పరీక్ష చేసి, రెండు వాక్యాల ముగింపు రాయడం నా పని. ఆ రెండు వాక్యాలకు ఎంత బలం ఉంటుందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ముందు ఒక చిన్న అవమానం గురించి చెప్పాలి, లేకపోతే తర్వాత నేను చేసిన పని మీకు అర్థం కాదు. సర్వీసులో చేరిన కొత్తలో హైదరాబాదులో శిక్షణకు పంపారు. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ లెక్కలో, అంటే తమంతట తాము మారగల అంకెలు ఎన్నో లెక్కపెట్టేటప్పుడు, ఉన్నవాటి నుంచి ఒకటి ఎందుకు తీసేస్తామో చెప్పమని పాఠం చెప్పే కోస్తా ఆయన అడిగాడు. హాల్లో ఎవరూ లేవలేదు. నేను లేచాను. "గిట్ల సార్. నలుగురు అన్నదమ్ములు, నాలుగు చెలకలు. ముగ్గురు తమకు నచ్చింది తీసుకున్నంక నాలుగోటోనికి ఏరుకునే పని లేదు. మిగిలిందే వానిది. గందుకే ఒకటి తీసేయాలె" అన్నాను. మెట్టపొలాన్ని చెలక అనే నా యాసకు హాలంతా నవ్వింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "మళ్ళీ ఒకసారి చెప్పండి, సినిమాలో కామెడీ సీన్‌లా ఉంది" అన్నాడు. మళ్ళీ నవ్వారు. నా జవాబు సరైనదే. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ నవ్వు ఇరవై ఏళ్ళు నా చెవుల్లోనే ఉంది.

ఇక అసలు సంగతి. నర్మెట్ట దగ్గర ఒక తండా ఉండేది. అరవై ఇళ్ళు, ఒకటే చేతిపంపు. ఆ నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. పెద్దవాళ్ళకు మోకాళ్ళు పట్టేసి వంగేవి కావు. పిల్లలకు పళ్ళు వచ్చేటప్పుడే గోధుమరంగు చారలతో వచ్చేవి. ఎన్నో అర్జీల తర్వాత వారానికి మూడుసార్లు ట్యాంకరులో మంచినీళ్ళు పంపడం మొదలైంది. ఇలాంటి తండాలు మా మూడు వైపులా ఇంకా ఉన్నాయి.

ట్యాంకర్లు ఎప్పుడూ తలనొప్పే. అందుకని పైనుంచి ఒక పథకం వచ్చింది. చేతిపంపుకు ఒక డబ్బా బిగించి, అందులో మందు గుళికలు పోస్తే నీళ్ళు అందులోంచి వడకట్టుకుని వస్తాయి, ఫ్లోరైడు తగ్గుతుంది. నెలకోసారి మందు మార్చాలి. పని చేస్తుందో లేదో చూడడానికి మూడు తండాల్లో డబ్బాలు పెట్టారు, నర్మెట్ట దగ్గర ఒకటి, కురవి దగ్గర ఒకటి, భూపాలపల్లి అవతల ఒకటి. పోల్చి చూడడానికి డబ్బా లేని పంపులు మూడు ఎంచుకున్నారు, రఘునాథపల్లి వైపు రెండు, మహబూబాబాద్ దగ్గర ఒకటి. ఎలా ఎంచుకున్నారంటే, జీపు పోయే దారి ఉన్నవి. వారానికోసారి ఆరు పంపుల నుంచీ సీసాల్లో నీళ్ళు తెచ్చి కొలవాలి. పదహారు వారాలు. డబ్బాలు పనిచేస్తున్నాయని తేలితే వాటి దగ్గర ట్యాంకరు ఆపేస్తారు. తేలకపోతే ట్యాంకరు కొనసాగుతుంది. తేలిందా లేదా అని రాయాల్సింది నేను.

నర్మెట్ట తండా పంపు బాగోగులు ఒక అక్క చూసేది. ముప్పై ఏళ్ళుంటాయేమో. పత్తి ఏరే రోజుల్లో కూలికి పోయేది, మిగతా రోజుల్లో పంపు దగ్గరే. రెండేళ్ళ బిడ్డ ఎప్పుడూ చంకలో ఉండేది. బిడ్డతో వాళ్ళ ఇంటి భాషలో మాట్లాడుతూనే మాతో తెలుగులో మాట్లాడేది, తడుముకునేది కాదు. మా ల్యాబ్ తమ్ముడు సీసా నింపుతుంటే, "మంచిగ కడుగు సారూ, సీసల పాత నీళ్ళుంటే మాకే నష్టం" అని హెచ్చరించేది. మా ఆఫీసులో ఎవరికీ అంత జాగ్రత్త లేదు.

పది వారాలు సాఫీగా గడిచాయి. తర్వాత సమ్మె వచ్చింది. రాష్ట్రం కోసం ఉద్యోగులందరం పనులు ఆపేశాం. బస్సులు ఆగాయి, బడులు మూతబడ్డాయి, మా ఆఫీసు గేటుకు తాళం పడింది. ఆ రోజుల గురించి నేను వెటకారంగా రాయలేను. నా జీవితంలో అంత నిటారుగా నిలబడ్డ రోజులు మళ్ళీ లేవు. పొద్దున్నే రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే తినేవాళ్ళం. మా నినాదాల్లో మొదటి మాట నీళ్ళే.

ఒకరోజు నర్మెట్ట దారిలో అలా వండుతుంటే తండావాళ్ళు కట్టెలు, ఉల్లిగడ్డలు తెచ్చి ఇచ్చారు. వాళ్ళలో ఆ అక్క కూడా ఉంది. నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది.

"సారూ, డబ్బల మందు మార్చెటాయన వస్తలేడు. నెల దాటింది" అంది.

"ఆయన సుత సమ్మెల ఉన్నడు అక్కా. ట్యాంకరు?"

"ట్యాంకరు సుత వస్తలేదు. అందరం పంపు నీళ్ళే తాగుతున్నం. మరి మందు లేని డబ్బ ఉత్త డబ్బనే కదా?"

"కొన్ని దినాలు ఓపిక పట్టు. రాష్ట్రం వస్తే మనకు నీళ్ళ బాధే ఉండది" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసి, "గట్లయితే మంచిదే సారూ" అని ఉల్లిగడ్డలు తరగడానికి కూర్చుంది. ఆ రోజు అన్నం రుచిగా ఉందని నాకింకా గుర్తుండడం నాకే చిరాకు.

ఆరు వారాల తర్వాత ఆఫీసు తెరిచారు. బల్ల మీద దుమ్ము తుడవకముందే హైదరాబాదు నుంచి కబురు, చేతిపంపుల నివేదిక వెంటనే పంపమని. షీటు తెరిచాను. పదో వారం వరకు అంకెలున్నాయి. పదకొండు నుంచి పదహారు దాకా ఖాళీ. పదహారు వారాల పథకంలో ఆరు వారాలు లేవు.

ఖాళీ గడి అంటే మా ఆఫీసుల్లో ఎంత భయమో బయటివాళ్ళకు తెలియదు. తప్పు అంకె ఉంటే ఎవరూ అడగరు. ఖాళీ ఉంటే సంజాయిషీ అడుగుతారు. అందుకని పూర్వం నుంచీ మాకొక అలవాటు ఉండేది. వానలెక్కల పుస్తకంలోనైనా, బావుల మట్టాల పుస్తకంలోనైనా, మనిషి పోలేని రోజున పై అంకెనే కింద వేసేవాళ్ళం. పుస్తకంలో చేత్తో రాసేటప్పుడు కనీసం సిగ్గుపడే వ్యవధి ఉండేది. కంప్యూటరు వచ్చాక అదీ పోయింది. గడి మూల పట్టుకుని కిందికి లాగితే చాలు.

ల్యాబ్ తమ్ముడు నా పక్కన నిలబడ్డాడు. నా కంటే పదిహేనేళ్ళు చిన్న, యూనియన్‌లో ముందుండేవాడు, పోలీసు లాఠీ దెబ్బ భుజం మీద ఇంకా నల్లగా ఉంది. "అన్నా, ఖాళీ పెడితే ఎవలెవలు పోలేదని అడుగుతరు. ముందుగాల నా పేరే వస్తది. పై గడి కిందికి గుంజు. నీళ్ళు ఆరు వారాలల్ల ఏం మారుతయి?" అన్నాడు.

గుంజాను. ఆరు పంపులు, ఆరు వారాలు, ముప్పై ఆరు గడులు. అర నిమిషం కూడా పట్టలేదు. మందు మార్చలేదని ఉల్లిగడ్డలు ఇస్తూ ఒక మనిషి నాతో చెప్పిన సంగతి ఆ అర నిమిషంలో గుర్తు రాలేదా అంటే, వచ్చింది. అబద్ధం చెప్పను.

తర్వాత పరీక్ష. డబ్బా ఉన్న పంపుల అంకెలు ఒక నిలువు వరుస, లేనివి ఇంకో వరుస. ఒక్కోదాంట్లో నలభై ఎనిమిది. రెండు వరుసల్లో ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టి, వరుసకు ఒకటి చొప్పున రెండు తీసేయమని సూత్రం రాశాను. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ తొంభై నాలుగు వచ్చింది. అంత ఉన్నప్పుడు పరీక్షలో వచ్చే విలువ దాదాపు రెండు దాటితే చాలు, తేడా నిజమేనని రాయవచ్చు. నాకు ఏడు దాటింది. మా పెద్ద సారు తలుపు దగ్గర నిలబడి, "తేలిందా?" అని అడిగాడు. "తేలింది సార్" అన్నాను. ఆయనకు అంతకంటే అవసరం లేదు. రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాను. నివేదిక ఆ సాయంత్రమే పోయింది.

రెండు రోజులకు ప్రధాన కార్యాలయం నుంచి ఒకావిడ వచ్చింది. సమ్మె తర్వాత అన్ని ఆఫీసుల లెక్కలు సరిచూడమని పంపారు. కోస్తా వైపు అమ్మాయి, ముప్పై లోపే ఉంటుంది, గణాంకశాస్త్రంలో పెద్ద చదువు. ఆమె గదిలోకి వచ్చినప్పుడు ఎవరూ లేవలేదు. చాయ్ తెచ్చిన అటెండరు అందరికీ ఇచ్చి ఆమె బల్ల దాటి వెళ్ళిపోయాడు. నేను చూసి ఊరుకున్నాను. లోలోపల కొంచెం సంతోషపడ్డాను కూడా.

ఆమె పొద్దంతా నా షీటు ముందు కూర్చుంది. మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "ఏవండీ, తప్పుగా అనుకోకండి. నర్మెట్ట పంపు ఆరు వారాలూ ఒకటి పాయింట్ రెండు ఎనిమిదే ఉందండీ. మిగతావి కూడా అంతే. నీళ్ళు అలా ఉండవు కదండీ."

ల్యాబ్ తమ్ముడు పక్క బల్ల దగ్గర కాగితాలు సర్దడం ఆపాడు.

"అది అలా ఉంచండి. ఆ అంకెలు నిజమైనవే అనుకున్నా, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ తొంభై నాలుగు కాదండీ. నాలుగు. మీరు చూసింది ఆరు పంపుల్నే. ఒక్కో పంపునీ పదహారు సార్లు అడిగారు. పదహారు సార్లు అడిగినంత మాత్రాన పదహారు పంపులు అయిపోవు కదా. భూపాలపల్లి పంపులో మొదటి నుంచీ ఫ్లోరైడు తక్కువే, డబ్బా పెట్టకముందు కొలిచిన కాగితం ఫైల్లోనే ఉంది. ఆ ఒక్క పంపు మీ సగటు మొత్తాన్ని కిందికి లాగేస్తోందండీ. పంపుకో సగటు తీసి ఆరు అంకెలతో చేసి చూడండి."

ఇందులో అర్థం కానిది ఏదీ లేదు. నా అన్నదమ్ముల చెలకల లెక్కే, ఇంకో రూపంలో. ఎవరు తమంతట తాము మాట్లాడగలరో వాళ్ళనే లెక్కపెట్టాలి, ఒకే మనిషి పదహారు సార్లు చెప్పిన మాటను పదహారు మంది సాక్ష్యంగా రాసుకోకూడదు. ఇరవై ఏళ్ళ కిందట నవ్వుల మధ్య నేను చెప్పాలనుకున్నదీ అదే. కానీ ఆ క్షణంలో నాకు వినిపించింది ఆమె మాట కాదు, ఆ పాత హాల్లో నవ్వు. ఆమె నవ్వలేదు. ఆ యాస చాలింది నాకు.

"మేడం, మా నీళ్ళ సంగతి మాకు ఎరుకే. ఇవి మీ దిక్కు నీళ్ళు కావు. లెక్కలు మాకూ వస్తయి" అన్నాను, గదిలో అందరికీ వినబడేట్టు.

ఎవరో బల్ల మీద చెయ్యి చరిచారు. రెండు మూడు గొంతులు "గట్ల చెప్పన్నా" అన్నాయి. నాకు ఛాతీ ఉబ్బింది.

ఆమె ముఖం ఎర్రబడింది. "నేనన్నది నీళ్ళ గురించి కాదండీ, లెక్క గురించి" అంది. ఒక చిన్న కాగితం మీద పెన్సిలుతో ఏదో రాసి నా పేపరువెయిటు కింద పెట్టి వెళ్ళి కూర్చుంది. మర్నాడు సాయంత్రం వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "వెళ్ళొస్తానండీ" అంది. ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు.

ఆమె వెళ్ళిన మర్నాడు, అందరూ భోజనాలకు లేచాక, నేను కొత్త షీటు తెరిచాను. పంపుకో సగటు తీసి ఆరు గడుల్లో ఆరు అంకెలు వేశాను. మూడు ఈ పక్క, మూడు ఆ పక్క. ఆరులోంచి రెండు తీసేస్తే నాలుగు. నాలుగు ఉన్నప్పుడు రెండు చాలదు, విలువ రెండుముప్పావు దాటాలి. నాకు ఒకటిన్నర దగ్గర ఆగింది. భూపాలపల్లి పంపు తీసేసి చూస్తే అదీ లేదు. గుంజిన గడులు తీసేసి మొదటి పది వారాలతోనే చేసినా జవాబు మారలేదు. డబ్బాలు పని చేస్తున్నాయని ఆ ఆరు పంపులూ చెప్పలేదు. చెప్పింది నేను.

పెద్ద సారు గది పది అడుగుల దూరం. లోపలికి పోయి, "సార్, తప్పు పడింది, నివేదిక వెనక్కి తెప్పించండి" అంటే అయిపోయేది. ఆయన కసిరేవాడు, పైవాళ్ళు ఒక మెమో ఇచ్చేవారు. అయితే గుంజిన ముప్పై ఆరు గడుల సంగతి కూడా బయటికి వచ్చేది. సమ్మెలో ముందున్నవాళ్ళ మీద ఏదో ఒక సాకు దొరుకుతుందా అని పైన చూస్తున్న రోజులవి. ల్యాబ్ తమ్ముడి కొలువు పోయేది. అతణ్ణి కాపాడడానికే ఊరుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, ఆ అమ్మాయి చెప్పింది సరైనదని అదే గదిలో, బల్ల చరిచినవాళ్ళ ముందు ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. ఇలాంటప్పుడు మనిషికి తన మంచితనం ఎంత బాగా అక్కరకొస్తుందో నాకు తెలుసు.

షీటు మూశాను. సేవ్ చేయాలా అని కంప్యూటరు అడిగింది. వద్దని నొక్కాను.

ఆ మేడం పైన ఏమి రాసిందో తెలియదు, మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఇరవై రోజుల్లో ఆర్డరు వచ్చింది. డబ్బా ఉన్న తండాలకు ట్యాంకరు ఆపేశారు. డబ్బాలు ఇంకొన్ని తండాలకు పెంచుతామన్నారు, వాటికీ ట్యాంకర్లు ఆగాయి. మందు మార్చే మనిషి మొదట్లో రెండు నెలలకోసారి పోయాడు, తర్వాత పోవడమే మానేశాడు.

ఒకరోజు పదకొండు గంటలకు ఆ అక్క జనగామ ఆఫీసుకు వచ్చింది. చంకలో బిడ్డ, చేతిలో సీసా. కూల్‌డ్రింక్ సీసా, మూతతో కలిపి మెడకు దారం కట్టి ఒక ముడి వేసి ఉంది.

"సారూ, ట్యాంకరు బందయింది. మా నీళ్ళు మంచిగున్నయని మీరే రాసిండ్రంట. గివి కొలిచి చూడుండ్రి" అంది.

ల్యాబ్ తమ్ముడు నా వైపు చూశాడు. కొలిచాడు. రెండు పాయింట్ ఆరు. ఒకటిన్నర దాటకూడదు. డబ్బా పెట్టకముందు ఉన్నదానికంటే కూడా ఎక్కువ. అతను కాగితం నా చేతిలో పెట్టి బయటికి పోయాడు.

నేను ఆమెతో ఏమన్నానో రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. "ఒక్క సీసాతోని ఏం తేలది అక్కా. లెక్కకు చాలది" అన్నాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది. "ఎన్ని తెమ్మంటవు సారూ?" అని అడిగింది. నేను ఏదో గొణిగాను. వారానికోటి తెస్తే చూద్దామన్నట్టు. పంపించేయడానికి అన్న మాట అది. ఆమె నిజమనుకుంది.

మరుసటి వారం వచ్చింది. సీసా మెడకు రెండు ముడులు. ఆ తర్వాతి వారం మూడు. రాయడం రాదు గనుక వారాలను ముడులతో గుర్తు పెట్టుకుంది. సోమవారం నర్మెట్ట నుంచి మొదటి బస్సుకు వచ్చేది, అంటే ఆ పూట కూలి పోగొట్టుకుని వచ్చేది. సీసా కిటికీ గట్టు మీద పెట్టి, "సీస మంచిగ కడిగిన సారూ" అని చెప్పి వెళ్ళేది. నేను ఫైల్లో తల పెట్టుకునేవాణ్ణి. పదకొండు వారాలు తెచ్చింది. పదకొండో సీసా మెడ చుట్టూ ముడులు దండలా ఉన్నాయి. మేము ఆరు వారాలు చేయలేని పనిని ఆమె పదకొండు వారాలు చేసింది. ఒక్క వారం తప్పలేదు, ఒక్కటీ పైదాన్ని చూసి కిందికి గుంజలేదు. నిజానికి లెక్క ప్రకారం పదకొండు సీసాలైనా ఒక్క పంపే, ఒక్క సాక్ష్యమే. కానీ అది నిజం చెప్పే సాక్ష్యం. మొదటి సీసా తప్ప మిగతావి మేము మూత కూడా తీయలేదు.

పన్నెండో వారం ఆమె రాలేదు. రాకపోతే నాకు హాయిగా అనిపించింది. అది కూడా రాయాలి.

తర్వాత రాష్ట్రం వచ్చింది. రంగులు చల్లుకున్నాం, ఏడ్చాం, ఒకరినొకరు కౌగిలించుకున్నాం. ఆ సంతోషంలో అబద్ధం లేదు. మరికొన్నేళ్ళకు జిల్లాలు విడిపోయాయి, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దేనికదే జిల్లా అయింది, ఆఫీసులు పంచారు. మా సామాను కొత్త భవనంలోకి మార్చేటప్పుడు అటెండరు కిటికీ గట్టు మీద సీసాలు చూసి, "ఎవలియి సారూ గివి?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే నీళ్ళు పూలకుండీల్లో పోసి సీసాలు పాత ఇనుపసామాను వాడికి వేశాడు. ల్యాబ్ తమ్ముడికి ప్రమోషన్ వచ్చి వేరే జిల్లాకు పోయాడు. మేమిద్దరం ఎన్నోసార్లు కలిశాం, పెళ్ళిళ్ళలో, చావుల దగ్గర. ఆ షీటు మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆ మేడం విభజనలో అటు వైపుకు పోయిందని విన్నాను.

విరమణ రోజు సొరుగు ఖాళీ చేస్తుంటే అడుగున ఒక చిన్న కాగితం దొరికింది. పెన్సిలుతో రాసిన అంకె, నాలుగు. దాని కింద ఆరులోంచి రెండు తీసివేత, చిన్నపిల్లలకు చూపించినట్టు. జేబులో పెట్టుకుని సభకు వెళ్ళాను. లెక్క తప్పని మనిషి అన్నప్పుడల్లా జేబు తడుముకున్నాను.

విరమణ తర్వాత నెల రోజులకు నర్మెట్ట బస్సెక్కాను. ఎందుకు పోతున్నానో ఇంట్లో చెప్పలేదు. తండాకు సిమెంటు రోడ్డు పడింది. చేతిపంపు ఉంది గానీ పిడి లేదు. డబ్బాలో ఎవరో తులసి మొక్క పెట్టారు. అక్క వాకిట్లో పత్తికట్టెలు పేరుస్తోంది. మోకాలు వంచలేక నిలబడే వంగుతోంది. నలభై నిండి ఉండవు. నన్ను గుర్తుపట్టడానికి నిమిషం పట్టింది.

"నీళ్ళ సారు కదా" అని నవ్వి మంచం వాల్చింది.

ఇంట్లోంచి ఒక పిల్ల వచ్చింది. పదేళ్ళది. చంకలో ఉండే బిడ్డే. తల్లి ఏదో అంటే నవ్వింది, నవ్వుతూనే టక్కున చేత్తో నోరు మూసుకుంది. చెయ్యి తీశాక పెదవులు బిగించుకుని నిలబడింది. ఒక్క క్షణంలో నేను చూడాల్సింది చూశాను. కొత్తగా వచ్చిన పెద్ద పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు.

"బళ్ళె పిల్లలు ఎక్కిరిస్తరు సారూ. గందుకే గట్ల మూసుకుంటది, అలవాటైంది" అంది తల్లి, ఎవరి మీదా నెపం వేయకుండా.

నా మాటకు నవ్వినవాళ్ళను నేను ఇరవై ఏళ్ళు క్షమించలేదు. ఈ పిల్ల నవ్వడమే దాచుకుంటోంది. అప్పుడే చెప్పేయాలని నోరు తెరిచాను. "అక్కా, ఆ లెక్క..." అన్నాను. "మొదటిది తప్ప నువ్వు తెచ్చిన సీసలు మేము కొలువలేదు" అన్నాను.

ఆమె పత్తికట్టెలు దింపింది. "ఎరుకే సారూ" అంది. "నాలుగో వారం వచ్చినప్పుడు చూసిన. తర్వాతి రెండు సీసలు పెట్టినకాడనే ఉండె, ఒక్కదానికి సుత దారం ఇప్పలేదు."

"మరి ఎందుకు తెచ్చినవు పదకొండు వారాలు?"

"నువ్వే చెప్పితివి కదా, ఒక్క సీసతోని ఏం తేలదని. ఎక్కువైతే చూస్తరేమో అనుకున్న."

జేబులో కాగితం ఉంది, దాన్ని ఎవరికి చూపించాలో తెలియలేదు. పిల్ల లోపలికి పోయి స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చి నా ముందు పట్టుకుంది. నేను అందుకున్నాను. అందుకుని ఆగాను. ముప్పై మూడేళ్ళ ఉద్యోగం నా చేతిని అక్కడే ఆపేసింది.

అక్క అది చూసింది. బిడ్డ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, వచ్చినవాడికి ధైర్యం చెప్పినట్టు అంది.

"గిప్పుడు నల్లా నీళ్ళే సారూ. మంచియే. నీకేం గాదు, తాగు."